వైద్యం ఖర్చు ఎవరిది? మత్తు డాక్టరమ్మ జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో ఒక పాఠకురాలు "వైద్యం ఖర్చు ప్రభుత్వం పెట్టాలా, మార్కెట్‌కి వదిలేయాలా? ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు. ఒక్క మాటలోనే చెప్పాను: "డబ్బు అందరూ కలిసి ముందే పోగేయాలి, ఆ పని ప్రభుత్వమే చేయించాలి." దాంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. తిట్లు పక్కన పెట్టి, పనికొచ్చే ప్రశ్నలు ఏరాను. నేను సగం సర్వీసు ప్రభుత్వ ఆసుపత్రిలో, మిగతా సగం ప్రైవేటులో చేసిన మత్తు డాక్టర్ని. ఆర్థికశాస్త్రం తిరగేసింది రిటైరయ్యాకే. అది మనసులో పెట్టుకుని చదవండి.

"ఫోన్లు, విమానం టికెట్లు పోటీ వల్లే చవకయ్యాయి. ఆసుపత్రులను కూడా పోటీకి వదిలేస్తే ధరలు వాటంతటవే దిగిరావా? ప్రభుత్వం వేలు పెట్టడం వల్లే ఇదంతా." – ఒక వ్యాపారి

ఫోను కొనడానికి వెళ్ళినప్పుడు మీరు మెలకువగా ఉంటారండీ. నా దగ్గరికి వచ్చినవాళ్ళు కాసేపట్లో నిద్రపోయేవారు.

నవ్వులాటకి అనడం లేదు. పోటీ పనిచేయాలంటే, నచ్చకపోతే లేచి వెళ్ళిపోయే వీలు కొనేవాడికి ఉండాలి. అమ్మేవాడికి ఉండే భయమల్లా అదే. కాలు విరిగి స్ట్రెచర్ మీద వచ్చినవాడు, నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన గర్భిణి, స్పృహ లేని ముసలాయన, వీళ్ళెవరూ లేచి వెళ్ళరు. అమెరికాలో 2021 నుంచి ఆసుపత్రులు తమ ధరలన్నీ బయటపెట్టాలని నిబంధన వచ్చింది. మంచిదే. కానీ గుండెపోటుతో అంబులెన్సులో పడుకున్నవాడు ఆ పట్టిక తెరిచి, ఎక్కడ తక్కువో చూసి, డ్రైవరుకి దారి చెప్పడు కదా.

ఇంకో సంగతి. మామూలు బేరంలో ఏం కావాలో కొనేవాడు చెప్తాడు. ఆసుపత్రిలో ఏం కావాలో చెప్పేదీ మేమే, అమ్మేదీ మేమే. "స్కానింగ్ తీయించండి" అంటే అది అవసరమా అని ఎదురడిగేంత చదువు రోగికి ఉండదు. ప్రైవేటులో పనిచేసేటప్పుడు తరచూ చూసిన తతంగం ఒకటి చెప్తాను. కీలు మార్చడానికి వెన్నుకి మత్తిచ్చి మనిషిని బల్ల మీద పడుకోబెట్టాక, బయట కూర్చున్న కొడుకుని తలుపు దగ్గరికి పిలుస్తారు. "కీలు రెండు రకాలు ఉన్నాయి, మామూలుది, ఇంపోర్టెడ్‌ది. ఏది వేయమంటారు?" లోపల తండ్రి, పక్కన చుట్టాలు. మామూలుది చాలన్న కొడుకుని నేనైతే చూడలేదు. దాన్ని ఎంచుకునే స్వేచ్ఛ అంటే ఒప్పుకోలేను. నిజంగా స్వేచ్ఛే ఇవ్వదలిస్తే ముందు రోజు ఓపీలో కూర్చోబెట్టి, రెండింటికీ తేడా ఏమిటో, ఎన్నేళ్ళు నిలుస్తాయో చెప్పి అడగొచ్చు కదా?

1963లో కెన్నెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికవేత్త ఈ సంగతే పద్ధతిగా రాశారు. జబ్బు ఎప్పుడొస్తుందో తెలీదు, వైద్యం పనిచేస్తుందో లేదో తెలీదు, కొనేవాడికన్నా అమ్మేవాడికి ఎంతో ఎక్కువ తెలుసు. కాబట్టి మామూలు సరుకుల లెక్క ఇక్కడ కుదరదని. ఆయన మార్కెట్ అంటే గిట్టని మనిషి కాదు. మార్కెట్లలో కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ సరిపోయే సమతూకం ఉండగలదని గణితంతో నిరూపించినవాళ్ళలో ఒకరు. ఆ రంగంలో కృషికే 1972లో నోబెల్ అందుకున్నారు. అలాంటాయన చెప్పాడు కాబట్టే ఆ మాటకి నా దగ్గర విలువెక్కువ.

అలాగని మీ వాదనలో పస లేదనను. కళ్ళజోడు వదిలించుకోవడానికి లేజర్ చేయించుకునేవాళ్ళు నాలుగు చోట్ల ధర అడుగుతారు, స్నేహితుల్ని కనుక్కుంటారు, నచ్చకపోతే వచ్చే ఏడాది చూద్దాంలే అని ఇంటికెళ్ళిపోతారు. అక్కడ పోటీ బాగానే పనిచేస్తుంది. పంటి సొగసుకి చేయించుకునేవీ, ముడతలు పోవడానికి వేయించుకునే ఇంజెక్షన్లూ అంతే. పేటెంట్ అయిపోయిన మందుల్ని పది కంపెనీలు తయారు చేస్తే ధర పడిపోవడం కూడా పోటీ చలవే. నేను పెట్టుకున్న కొలత ఒకటే: రోగి లేచి వెళ్ళిపోగలడా? వెళ్ళగలిగితే మార్కెట్‌కి వదలండి. వెళ్ళలేని చోట బేరం జబ్బు రాకముందే, అందరి తరఫునా ఒకరు చేసి ఉంచాలి.

"నాకు ఇరవై ఆరేళ్ళు. సిగరెట్ తాగను, రోజూ జిమ్‌కి వెళ్తాను. ఎవరో తాగి తందనాలాడి లివర్ పాడుచేసుకుంటే నా జీతంలోంచి ఎందుకు కట్టాలి మేడమ్?"

బాబూ, నీ కోపం అర్థమైంది. తాగేవాడి దగ్గర ఎక్కువ వసూలు చేయాలంటే దారి ఉంది. మందు మీద, సిగరెట్ల మీద పన్ను వేసి ఆ డబ్బు వైద్యానికి మళ్ళించడమే. ఎన్నో దేశాలు ఆ పన్నులు వేస్తూనే ఉన్నాయి. ఆసుపత్రి బెడ్డు దగ్గర నిలబడి "ఇది నీ తప్పా, నీ ఖర్మా" అని విచారణ చేసే పని మాత్రం మా చేత చేయించకండి. ఎనిమిదేళ్ళ పిల్లకి, అలవాట్లతో సంబంధం లేని టైప్ 1 షుగర్ వస్తే ఎవరి తప్పని రాయమంటావు?

ఇక నీలాంటి ఆరోగ్యవంతులందర్నీ ఇష్టముంటేనే చేరండి అంటే ఏమవుతుందో చూడు. నువ్వు చేరవు. జబ్బు అనుమానం ఉన్నవాళ్ళే చేరతారు. కంపెనీకి ఖర్చు పెరుగుతుంది, ప్రీమియం పెంచుతుంది. దాంతో కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తప్పుకుంటారు, మళ్ళీ పెంచుతుంది. 1970లో జార్జ్ ఏకర్లాఫ్ అనే ఆర్థికవేత్త సెకండ్‌హ్యాండ్ కార్ల బేరం మీద ఒక వ్యాసం రాశారు. ఏది మంచి కారో తెలీక కొనేవాడు ధర తగ్గిస్తే, మంచి కార్లవాళ్ళే ముందు తప్పుకుంటారని. 65 దాటినవాళ్ళకి వైద్యబీమా దొరకడం ఎందుకంత కష్టమో అందులోనే ఈ తర్కంతో వివరించారు. 1990లలో న్యూయార్క్ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. బీమా అడిగినవాళ్ళెవర్నీ కంపెనీలు కాదనకూడదు, జబ్బుని బట్టి ప్రీమియం పెంచకూడదు. ఉద్దేశం బంగారం. కానీ అందరూ చేరి తీరాలనే నియమం పెట్టలేదు. విడిగా బీమా కొనుక్కునేవాళ్ళ ప్రీమియంలు ఎక్కడికో పోయాయి, చేరేవాళ్ళు పలచబడ్డారు.

కాబట్టి అందరూ చేరక తప్పదు. జర్మనీలో ప్రభుత్వాధినేత బిస్మార్క్ 1883లోనే కార్మికులకు జబ్బు బీమా తప్పనిసరి చేశాడు. ఆయనేమీ సోషలిస్టు కాదు, సోషలిస్టుల నోరు మూయించడానికి చేసిన పని అది. మార్కెట్ అంటే ఎంతో ఇష్టపడే స్విట్జర్లాండ్‌లో బీమా అమ్మేది ప్రైవేటు కంపెనీలే. కానీ 1996 నుంచి అక్కడ ఉండేవాళ్ళు ఎవరైనా కొనాల్సిందే, కంపెనీ ఎవర్నీ కాదనకూడదు, ప్రాథమిక బీమా మీద లాభం తీయకూడదు. ఇంత బిగించాక దాన్ని మార్కెట్ అంటావో, ప్రభుత్వమంటావో నీ ఇష్టం.

నీకు ఇరవై ఆరు అన్నావు. నా దగ్గర అర్ధరాత్రి పడుకున్న బైకు యాక్సిడెంట్ కేసుల్లో ఎక్కువమంది నీ ఈడువాళ్ళే, జిమ్ బాడీలే.

"బ్రిటన్‌లో మా బంధువు తుంటి మార్పిడి ఆపరేషన్ కోసం ఏడాదికి పైగా ఎదురుచూస్తున్నారు. ఇదేనా మీరు మెచ్చుకునే పద్ధతి?"

ఆ బాధ నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అక్కడ పన్నుల సొమ్ముతో వైద్యం నడిపేది ప్రభుత్వమే. డాక్టరు రాసిచ్చిన 18 వారాల లోపు చికిత్స మొదలవ్వాలన్నది ఇంగ్లండ్‌లో నియమం. నూటికి 92 మందికైనా అలా జరగాలని లక్ష్యం. 2016 తర్వాత దాన్ని అందుకోలేదు. 2022లో వెయిటింగ్ లిస్టు 70 లక్షల కేసులు దాటింది.

కానీ లిస్టు ఎందుకు పెరిగిందో చూడాలి. ఖర్చు అందరూ కలిసి పెట్టుకునే దేశాలన్నిట్లో ఇంత క్యూ లేదు. జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో ఇలాంటి ఆపరేషన్‌కి ఎదురుచూపు చాలా తక్కువ. వాళ్ళ దగ్గర మంచాలు ఎక్కువ, థియేటర్లు ఎక్కువ, పెట్టే ఖర్చూ ఎక్కువ. బ్రిటన్‌లో జనాభాతో పోలిస్తే మంచాలు తక్కువ, స్కానింగ్ మెషిన్లు తక్కువ. ఖజానాలో బిగింపు ఉన్న ఏడాది ముందు కోత పడేది అక్కడే. కొత్త భవనం కట్టకపోతే ఎవరూ ధర్నా చేయరు కదా.

ప్రభుత్వ ఆసుపత్రి సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, నేనే చెప్తాను. పొద్దున లిస్టులో ఏడు కేసులు. థియేటర్లు రెండు, పనిచేసే బాయిల్స్ మెషిన్, అంటే మత్తిచ్చే యంత్రం, ఒకటి. మూడో కేసు అయ్యేసరికి స్టెరిలైజ్ చేసిన గుడ్డలు అయిపోయాయంటారు. మధ్యాహ్నం దాటాక సర్జన్ గారు కొత్త కేసుకి చేతులు కడుక్కుని సిద్ధమవడం మానేస్తారు. రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్న మనిషికి వెళ్ళి "రేపు చూద్దాం" అని చెప్పే బాధ్యత ఎందుకో ఎప్పుడూ మత్తు డాక్టరుదే. ఆ ఆసుపత్రి పేరు చెప్పను కానీ, అలా వాయిదా పడ్డ కేసు తాలూకు నష్టానికి ఎవరి జీతంలోనూ కోత పడలేదు. డబ్బు ప్రభుత్వానిదైనంత మాత్రాన పని జరిగిపోతుందనుకునేవాళ్ళకి నేను ముందు చూపించేది ఆ లిస్టే.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. డబ్బుకే వైద్యం దొరికే చోట, డబ్బు లేక అసలు రానివాడి పేరు ఏ వెయిటింగ్ లిస్టులోనూ ఉండదు. మీ బంధువు పేరు కనీసం లెక్కలో ఉంది, ఆ లెక్క పేపర్లో వస్తోంది, మంత్రి సమాధానం చెప్పుకోవలసి వస్తోంది.

"ఫ్రీగా ఇస్తే జనం ఊరికే ఆసుపత్రుల మీద పడరా?"

ఫ్రీ కదా అని రెండోసారి అపెండిక్స్ తీయించుకునేవాళ్ళు ఉండరు. జలుబుకి పరుగెత్తుకొచ్చేవాళ్ళు ఉంటారు, నిజమే. అమెరికాలో 1974 నుంచి 1982 దాకా ర్యాండ్ అనే పరిశోధన సంస్థ దీని మీద పెద్ద ప్రయోగం చేసింది. కొన్ని వేల మందికి రకరకాల బీమాలు ఇచ్చారు. కొందరికి పూర్తిగా ఉచితం, కొందరు బిల్లులో వాటా కట్టాలి. వాటా కట్టాల్సినవాళ్ళు వైద్యం తగ్గించుకున్నారు, ఆ మేరకు మీ అనుమానం నిజమే. కాకపోతే అనవసరమైనవి ఎంత తగ్గించారో, అవసరమైనవీ దాదాపు అంతే తగ్గించారు. ఏది మానొచ్చో ఏది మానకూడదో వాళ్ళకెలా తెలుస్తుంది? సగటు మనిషి ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు. కానీ పేదవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళకి ఉచిత వైద్యంలో బీపీ బాగా అదుపులోకి వచ్చింది. జలుబుకి చిన్న ఫీజు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. బీపీ మాత్రకి మాత్రం వద్దు.

"ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లు కావా డాక్టర్ గారూ?"

బ్రిటన్ 1948 జూలై 5న అందరికీ ఉచిత వైద్యం మొదలుపెట్టినప్పుడు ఆ దేశం యుద్ధం అప్పుల్లో మునిగి ఉంది. తిండికి ఇంకా రేషన్ నడుస్తోంది. జపాన్ 1961 కల్లా అందర్నీ బీమాలోకి తెచ్చింది, అప్పటికి అది ఇప్పటి జపాన్ కాదు. థాయ్‌లాండ్ 2001–02లో ఒకసారి వైద్యానికి అక్కడి డబ్బులో 30 బాత్‌లు కడితే చాలన్న పథకం తెచ్చింది. మిగతాది పన్నుల సొమ్ము. అది పనిచేయడానికి అసలు కారణం 30 బాత్‌లు కాదు. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఊళ్ళలో చిన్న ఆసుపత్రులు కట్టి, డాక్టర్లు కొంతకాలం అక్కడ పనిచేసి తీరాలని పెట్టుకున్నారు. కార్డు ముందు ఇచ్చి, ఆసుపత్రి తర్వాత చూద్దామంటే కార్డు జేబులోనే ఉంటుంది.

బ్రిటన్ మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. ఆ పథకం పెట్టిన మంత్రి అన్యూరిన్ బెవన్. మొదట్లో కళ్ళజోళ్ళు, కట్టుడుపళ్ళు కూడా ఉచితమే. జనం విరగబడ్డారు, లెక్కలు తలకిందులయ్యాయి. 1951లో వాటికి సగం ఖర్చు మీరే పెట్టుకోండని ప్రభుత్వం అనబోతే, బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. నా కొలత ప్రకారం కళ్ళజోడు లేచి వెళ్ళిపోగలిగే బేరమే, ఆయన అంత పట్టుపట్టాల్సింది కాదు. కానీ అన్నేళ్ళూ మసక చూపుతో బతికి, మొదటిసారి అద్దాలు పెట్టుకున్నవాళ్ళు ఆ గుంపులో ఎందరో. బోర్డు కనపడని పిల్లవాడికి మార్కెట్‌లో నాలుగు షాపులుంటే ఏం లాభం, చేతిలో పైసా లేనప్పుడు? ఈ విషయంలో నేనింకా ఆయనతో మనసులో వాదిస్తూనే ఉన్నాను.

"పూర్తిగా మార్కెట్‌కే వదిలేసిన దేశం ఏదైనా ఉందా?"

చెప్పుకోదగ్గవాటిలో లేదు. అందరూ చూపించే అమెరికాలో కూడా 1965 నుంచి వృద్ధులకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమాలు ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి డబ్బు లేదని ఎమర్జెన్సీ గుమ్మంలోంచి తిప్పి పంపకూడదని 1986లో చట్టం చేశారు. మొత్తం వైద్య ఖర్చులో సగానికి దగ్గరగా ప్రభుత్వాలే భరిస్తాయి. అంతా కలిపి దేశ ఆదాయంలో 17–18 శాతం దాకా వైద్యానికే పోతుంది. అంత పెట్టే మరో పెద్ద దేశం లేదు.

"ప్రభుత్వం డబ్బు పెడితే, ఎవరికి ఏ మందు ఇవ్వాలో కూడా ఆఫీసర్లే తేలుస్తారు. నా ప్రాణం విలువ గుమాస్తా కడతాడా?"

ఉత్తరాలన్నిట్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న ఇది. కడతాడు. మొహమాటం లేకుండా చెప్పాలంటే ఏ పద్ధతిలోనైనా ఎవరో ఒకరు కడతారు.

ఇంగ్లండ్‌లో దీనికోసమే 1999లో నైస్ అనే సంస్థ పెట్టారు. కొత్త మందు వస్తే, దానివల్ల రోగికి పూర్తి ఆరోగ్యంతో సమానమైన ఒక ఏడాది ఆయుష్షు దొరకడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కేస్తారు. చాలా ఏళ్ళపాటు 20 వేల నుంచి 30 వేల పౌండ్ల లోపు వస్తే సరే అనేవారు, దాటితే ఒప్పుకోవడం కష్టం. కేన్సర్ రోగుల తాలూకువాళ్ళు దాని గుమ్మం ముందు కన్నీళ్ళు పెట్టుకున్న సందర్భాలున్నాయి. ఆ లెక్క కఠినమైనదే. కానీ ఏ ఆధారంతో కాదన్నారో కాగితం మీద ఉంటుంది, అప్పీలు చేయొచ్చు, కంపెనీ ధర తగ్గించుకుని మళ్ళీ రావొచ్చు. చాలాసార్లు అలా తగ్గించుకునే వస్తాయి కూడా, దేశమంతటికీ కొనేది ఒకరే కాబట్టి. మార్కెట్‌లో కాదనేది బిల్లింగ్ కౌంటర్. దానికి కారణం రాసివ్వరు. బీమా కంపెనీలో కాదనేది మరో గుమాస్తా, ఆయన జీతం ఇచ్చేవాళ్ళకి మీ మందు ఖర్చు మిగిలితే లాభం.

నాకైతే ముఖం తెలిసిన గుమాస్తాయే నయమనిపిస్తుంది. మీకు అనిపించకపోవచ్చు. ఇందులో అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

"నేనూ డాక్టర్నే. మీ మాట వింటే మమ్మల్నందర్నీ సర్కారు ఉద్యోగుల్ని చేసేస్తారు. ఆ తర్వాత ఎవడు రాత్రిళ్ళు మేలుకుంటాడు?"

డాక్టర్ గారూ, ఎవరు డబ్బు కడతారన్నది ఒకటి, ఎవరు వైద్యం చేస్తారన్నది వేరొకటి. కెనడాలోని సస్కచెవాన్ రాష్ట్రం 1962 జూలై 1న ప్రభుత్వ వైద్యబీమా మొదలుపెట్టినప్పుడు అక్కడి డాక్టర్లు మీరన్న మాటే అని 23 రోజులు సమ్మె చేశారు. చివరికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, డాక్టర్లు తమ సొంత క్లినిక్కులు తాము నడుపుకుంటారు, బిల్లు మాత్రం ప్రభుత్వ బీమాకి పంపుతారు. 1972 కల్లా దేశంలోని రాష్ట్రాలన్నీ ఆ బాట పట్టాయి. తైవాన్‌లో 1995 నుంచి డబ్బు కట్టే బీమా దేశమంతటికీ ఒకటే, ఆసుపత్రుల్లో ఎక్కువ ప్రైవేటువే. కాబట్టి మీ క్లినిక్ మీదే. మీ ఫీజు మీరొక్కరే నిర్ణయించే రోజులు మాత్రం ఉండవు.

అసలు టెన్షన్ పడాల్సింది ఆ ఫీజు ఏ పద్ధతిలో ఇస్తారన్న దాని గురించి. నేను మూడు రకాలూ చూశాను. కేసుకింత అంటే కేసులు పెరుగుతాయి. నెల జీతం అంటే మధ్యాహ్నం తర్వాత లిస్టు వాయిదా పడుతుంది. మా దగ్గర పేరు రాయించుకున్న తలకింత అని ఏడాదికోసారి ఇచ్చేస్తే, కాస్త కష్టమైన రోగి కనపడగానే పెద్దాసుపత్రికి చీటీ రాసేస్తాం. అమెరికా మెడికేర్ 1983లో జబ్బుకింత అని ఒకే మొత్తం కట్టడం మొదలుపెట్టింది. అంతదాకా రోజుల తరబడి ఉంచుకున్న ఆసుపత్రులు రోగుల్ని త్వరత్వరగా ఇంటికి పంపడం నేర్చుకున్నాయి. కొందరిని మరీ త్వరగా పంపారన్న గొడవా వచ్చింది. ఏ పద్ధతి పెట్టినా దానిలో సందు వెతకడానికి మనకి, అంటే మీకూ నాకూ, ఎక్కువ కాలం పట్టదు. అందుకని రెండు మూడు పద్ధతులు కలిపి పెట్టమని అడగండి. రాత్రి డ్యూటీకి విడిగా ఇవ్వమనండి. మన కేస్ షీట్లు తిరగేసే మంచి ఆడిటర్ల జీతం కూడా ఆ ఖర్చులోనే రాసుకోమనండి.